జ్వరాన్ని దాచిన హాస్టల్: 2020 మార్చి, మారతహళ్లి ప్రాంతపు కేసు ఒకటి

ఈ కేసులో రోగి అని ఒక్కరిని వేలుపెట్టి చూపించలేము. 2020 మార్చి మూడో వారం నుంచి ఏప్రిల్ చివరి దాకా బెంగళూరులోని మారతహళ్లి ప్రాంతంలో ఒక మగపిల్లల పీజీ (పేయింగ్ గెస్ట్) హాస్టల్ కరోనా వార్తను ఎలా అందుకుంది, ఆ భయంలో ఎంత భాగం వ్యాధి కట్టడికి పనికొచ్చింది, ఎంత భాగం దానికే అడ్డుపడింది అన్న విషయాన్ని నమోదు చేయడం కోసం ఇది రాస్తున్నాను. నేను మానసిక ఆరోగ్య రంగంలో సోషల్ వర్కరును. ఆ వార్డు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కన్నడం, తమిళం మాట్లాడే సిబ్బంది ఉన్నారు కానీ తెలుగు పిల్లలతో నింపాదిగా కూర్చుని మాట్లాడగలిగినవాళ్లు లేకపోవడంతో, అక్కడి నర్సు ఒకరు నన్ను సాయం అడిగారు. ఇందులోని మనుషుల ఊళ్లు, ఉద్యోగాలు, కుటుంబ వివరాలు గుర్తుపట్టడానికి వీల్లేకుండా మార్చాను. సంఘటనల వరుస మాత్రం మార్చలేదు.

నా నిర్ధారణ ముందే చెబుతాను. ఆ హాస్టల్లో వాళ్లు వైరస్‌కు భయపడ్డారు, నిజమే; అయితే వైరస్ ఉందన్న అనుమానం తమ మీద పడితే గది పోతుందని, ఫొటో బయటికి వెళుతుందని, ఊళ్లోకి రానివ్వరని అంతకన్నా ఎక్కువ భయపడ్డారు. అందువల్లనే జ్వరం వచ్చినవాడు జ్వరాన్ని దాచాడు. అతని లెక్కలో అది తెలివైన పనే. ఆ లెక్కను మార్చకుండా వ్యాధి గురించి ఎన్ని విషయాలు చెప్పినా ఎవరూ నోరు విప్పలేదు.

నేపథ్యం

2020 జనవరి 30న ప్రపంచ ఆరోగ్య సంస్థ అంతర్జాతీయ అత్యవసర పరిస్థితిని ప్రకటించింది. వుహాన్ నుంచి కేరళకు తిరిగివచ్చిన ఒక విద్యార్థినికి వైరస్ సోకినట్టు అదే రోజు తేలడంతో మన దేశంలో మొదటి కేసు నమోదైంది. ఫిబ్రవరి నెలంతా ఇది హాస్టల్‌కు దూరపు వార్తగానే ఉండిపోయింది. మారిందల్లా ఆదివారం మెనూ ఒక్కటే. కోడిమాంసం వల్ల కరోనా వస్తుందన్న ఫార్వర్డులు తెలుగు గ్రూపుల్లో చుట్టుముట్టి, కోడి ధర పాతాళానికి పడిపోయి, ఫిబ్రవరి చివర్లో హైదరాబాద్‌లో తెలంగాణ మంత్రులే వేదికెక్కి చికెన్ తిని చూపించవలసి వచ్చింది. కర్ణాటకలో కొందరు కోళ్ల రైతులు మేత ఖర్చు భరించలేక బతికున్న కోళ్లనే గోతుల్లో పూడ్చారు. మార్చి మధ్యలో మైసూరులో బర్డ్ ఫ్లూ బయటపడేసరికి రెండు భయాలూ కలిసిపోయాయి. కొవిడ్‌కూ కోడికీ సంబంధం లేదని హాస్టల్లోని ఇంజనీర్లలో చాలామందికి తెలుసు. తెలిసి కూడా తినలేదు. అడిగితే ఒకరు చెప్పిన జవాబు నాకు నచ్చింది: "నిజం కాదని తెలుసు మేడమ్, కానీ మానేస్తే పోయేదేముంది?" ఖర్చులేని జాగ్రత్తను మనిషి ముందుగా పట్టుకుంటాడు, ఖర్చున్న జాగ్రత్త దగ్గరికి వచ్చేసరికే కథ మారుతుంది.

మార్చి 2న ఆ దూరపు వార్త ఒక్కసారిగా దగ్గరికి వచ్చింది. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న ఒక యువకుడు దుబాయ్ వెళ్లివచ్చి, ఇక్కడి నుంచి బస్సులో హైదరాబాద్ చేరాక అతనికి కరోనా ఉన్నట్టు తేలింది. తెలంగాణలో అదే మొదటి కేసు. శుక్రవారం రాత్రి మారతహళ్లి వంతెన దగ్గర నిలబడి హైదరాబాద్, విజయవాడ, నెల్లూరు, కర్నూలు, తిరుపతి బస్సులు ఎక్కే వేలమందికి ఆ వార్తలో వినిపించినది వ్యాధి పేరు కాదు, బస్సు. అది ఏ ట్రావెల్స్, ఏ సీటు, ఏ రాత్రి అన్న ప్రశ్నలతో గ్రూపులు నిండిపోయాయి. మార్చి 9న కర్ణాటకలో మొదటి కేసు వచ్చింది. అమెరికా నుంచి తిరిగివచ్చిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి. మరుసటి రోజు చనిపోయిన కలబురగికి చెందిన 76 ఏళ్ల వృద్ధుడిది దేశంలో మొదటి కొవిడ్ మరణమని రెండు రోజుల తరువాత తెలిసింది. మార్చి 13న ముఖ్యమంత్రి యడియూరప్ప మాల్స్, సినిమా హాళ్లు, పబ్బులు వారంపాటు మూసివేస్తున్నట్టు ప్రకటించారు. అప్పటికే మందుల షాపుల్లో మాస్కులు లేవు. మూడు పొరల మాస్కు 10 రూపాయలకు, 200 మిల్లీలీటర్ల శానిటైజర్ 100 రూపాయలకు మించి అమ్మకూడదని కేంద్రం ఆ నెల మూడో వారంలో ధర కట్టిందిగానీ, ఆ ధరకు అమ్మిన షాపు మా వైపు నాకు కనిపించలేదు.

హాస్టల్, అందులోని మనుషులు

నాలుగంతస్తుల భవనం, గదికి ఇద్దరు లేక ముగ్గురు, అంతస్తుకు ఒక వరండా. నిండుగా ఉన్నప్పుడు అరవై మంది దాకా ఉంటారు. ఎక్కువమంది నెల్లూరు, కడప, అనంతపురం, కర్నూలు వైపు పిల్లలు. కొందరు ఖమ్మం, నల్గొండవాళ్లు. హాస్టల్ నడిపే ఆయనది ప్రకాశం జిల్లా. భవనం ఆయనది కాదు; స్థానిక యజమాని దగ్గర లీజుకు తీసుకుని, పది నెలల అద్దె అడ్వాన్సుగా కట్టి, నెలనెలా అద్దె చెల్లిస్తున్నాడు. బయటివాళ్లకు ఆయన యజమానిలా కనిపిస్తాడు కానీ ఆయన మెడ మీద ఇంకొక యజమాని ఉన్నాడు. ఈ సంగతి పట్టించుకోకపోతే ఆయన తరువాత చేసినవి ఏవీ అర్థం కావు. వంటమాస్టరూ ఆయన భార్యా మదనపల్లె వైపు నుంచి వచ్చి మెట్ల కింద గదిలో ఉంటారు. గదులు ఊడ్చేందుకు రాయచూరు వైపు మహిళ ఒకరు ఉదయం వచ్చి వెళతారు. ఆమె తెలుగు, కన్నడం రెండూ మాట్లాడతారు.

ఘటనల క్రమం

గల్ఫ్ దేశాల నుంచి వచ్చే ప్రయాణికులకు 14 రోజుల క్వారంటైన్ మార్చి 18 నుంచి తప్పనిసరి అయింది. మార్చి 22 నుంచి అంతర్జాతీయ విమానాలే ఆగిపోయాయి. ఈ రెండింటి మధ్య రోజుల్లో, కంపెనీ పని మీద దుబాయ్ వెళ్లిన మూడో అంతస్తు కుర్రవాడు తిరిగివచ్చాడు. ఒంట్లో ఏ నలతా లేదు. చేతి వెనుక చెరగని సిరాతో క్వారంటైన్ ముద్ర ఉంది. అతని తండ్రి డయాలసిస్ రోగి కావడంతో ఊరికి వెళ్లకుండా, బెంగళూరులో తనకున్న ఏకైక చిరునామాకు వచ్చాడు. నా దృష్టిలో ఈ మొత్తం కేసులో అత్యంత బాధ్యతగా ప్రవర్తించిన మనిషి అతనే, అందరికన్నా ఎక్కువ శిక్ష అనుభవించినదీ అతనే.

హైదరాబాద్ కేసు కూడా దుబాయ్ నుంచి వచ్చినదే కావడం అతని దురదృష్టం. ఆ సాయంత్రమే డాబా మీద సమావేశం జరిగింది. అతన్ని పంపించేయాలని కొందరు, అతను ఉంటే మేం పోతామని కొందరు పట్టుబట్టారు. ఎవరూ అతనితో నేరుగా మాట్లాడలేదు, అదే భవనంలో ఉన్న మనిషికి గ్రూపులో సందేశం పెట్టారు: "బ్రో, ఏమనుకోవద్దు, కొన్నాళ్లు వేరే చోట చూసుకో." మరునాడు ఆరోగ్య సిబ్బంది వచ్చి గేటుకు నోటీసు అంటించి వెళ్లాక, ఆ గేటు ఫొటో పక్క అపార్టుమెంట్ల గ్రూపుల్లోకి పాకింది. కిరాణా కొట్టువాడు సరుకులు ఇవ్వడానికి జంకాడు, నీళ్ల క్యాన్లు తెచ్చే అబ్బాయి వాటిని వీధి మలుపులోనే దింపి వెళ్లిపోయాడు, భవనం యజమాని ఫోన్ చేసి లీజు గురించి అడిగాడు. తరువాత కొద్దిరోజులకే ప్రభుత్వం క్వారంటైన్లో ఉన్నవాళ్ల చిరునామాల జాబితాను జిల్లాలవారీగా బయటపెట్టింది. పేర్లు లేవు గానీ తలుపు నంబరు ఉంటే పేరు ఎంతసేపట్లో తెలుస్తుంది? ఆ పీడీఎఫ్ మా ప్రాంతంలో ఎవరి ఫోన్లో చూసినా ఉంది.

మూడో అంతస్తుకు భోజనం తీసుకెళ్లడం వంటమాస్టర్ ఆపేశాడు. ఆయనను నిందించడానికి నాకు మనసొప్పలేదు. "ఆ అబ్బాయికి జీతమొస్తాది, ఆస్పత్రి ఉంటాది. మాకేమన్నా అయితే మా పిల్లోళ్లను ఎవురు సూస్తారమ్మా?" అన్నాడు. మాస్కు ఎవరూ ఇవ్వలేదు, ఏ గిన్నె ముట్టుకోవచ్చో ఏది ముట్టుకోకూడదో ఎవరూ చెప్పలేదు. నేను మొదటిసారి వెళ్లేసరికి ఆ కుర్రవాడు బ్రెడ్డు, బిస్కెట్లు, కుళాయి నీళ్లతో గడుపుతున్నాడు.

ఇంతలో రెండో అంతస్తులో అసలు సమస్య తయారవుతోంది. రాత్రి షిఫ్టులో పనిచేసే ఒక యువకుడికి జ్వరం, గొంతునొప్పి మొదలయ్యాయి. అతనికి విదేశీ ప్రయాణం లేదు. దుబాయ్ నుంచి వచ్చినవాడితో మాట్లాడింది కూడా లేదు. అయినా ఎవరికీ చెప్పలేదు. గదిలో ఉన్న స్నేహితుడికి తెలుసు, అతనూ చెప్పలేదు. హాస్టల్ నడిపే ఆయన అధిక ధర పెట్టి కొన్న థర్మల్ గన్‌తో గేటు దగ్గర ఉదయం, సాయంత్రం అందరి నుదుళ్లూ చూసేవాడు. ఈ యువకుడు దానికి గంట ముందే డోలో 650 వేసుకుని దిగేవాడు. యంత్రం రోజూ అతన్ని ఆరోగ్యవంతుడిగా ధ్రువీకరించేది. ఆ వారాల్లో పారాసిటమాల్ మీద తెలుగువాళ్ల ఫోన్లలో తిరిగిన జోకులకు లెక్కలేదు. ఆ మాత్ర నిజంగా ఏ పనికి వాడబడుతోందో ఆ జోకుల్లో లేదు.

ఎందుకు దాచావని తరువాత అడిగినప్పుడు అతను చెప్పినది యథాతథంగా రాసుకున్నాను: "చెబితే అంబులెన్సు వస్తుంది మేడమ్. ఎదురు బిల్డింగువాళ్లు వీడియో తీస్తారు. ఆ వీడియో మా ఊరికి నాకంటే ముందు చేరుతుంది. చెల్లెలికి సంబంధాలు చూస్తున్నారు." వ్యాధి తీవ్రత గురించి అతను ఒక్క మాట మాట్లాడలేదు. తనకు కరోనా ఉందో లేదో తెలుసుకోవాలని కూడా అతనికి లేదు, తెలియకపోవడమే మేలనుకున్నాడు.

అంచనా

ఇలాంటి ప్రవర్తనను పత్రికలు, అధికారులు, మా వృత్తిలోని కొందరు కూడా ఆ రోజుల్లో అజ్ఞానమనీ గాబరా అనీ తేల్చేశారు. నేను ఒప్పుకోను. ఇంక్యుబేషన్ కాలం గరిష్ఠంగా 14 రోజులని, తుంపర్ల ద్వారా సోకుతుందని, వయసు మళ్లినవాళ్లకు, మధుమేహం ఉన్నవాళ్లకు ఎక్కువ ప్రమాదమని ఆ పిల్లలు నాకే వివరించి చెప్పారు. తెలియనిది వైరస్ గురించి కాదు, తమ గురించి: ఈ రాత్రి దగ్గు వస్తే రేపు నేనెక్కడ ఉంటాను?

బ్రిటిష్ సామాజిక శాస్త్రవేత్త ఫిలిప్ స్ట్రాంగ్ 1990లో ఎయిడ్స్ అనుభవం నుంచి ఒక ప్రతిపాదన చేశాడు. కొత్త వ్యాధి వచ్చినప్పుడు దానితోపాటు భయం, నింద కలగలిసిన వ్యాఖ్యానం, ఏదో ఒకటి చేయాలన్న తొందర అనే మూడు మానసిక అంటువ్యాధులు వ్యాపిస్తాయని, అవి అసలు వ్యాధికి వేరుగా పాకగలవని అతను అన్నాడు. మా హాస్టల్లో మూడూ ఉన్నాయి, మూడూ వైరస్ కన్నా ముందే వచ్చాయి. కానీ ఆ నమూనాలో అద్దె, అడ్వాన్సు, ఉద్యోగం, పెళ్లిసంబంధం కనిపించవు. నా అనుభవంలో నిందను నడిపించేది ద్వేషం కన్నా ఎక్కువగా ఇవే. డాబా మీద గట్టిగా అరిచినవాళ్లలో ఇద్దరు తరువాత విడిగా కూర్చున్నప్పుడు తమకు దుబాయ్ కుర్రవాడి మీద కోపమేమీ లేదని, గేటు మీద నోటీసు చూసి తమ కంపెనీ వాళ్లు ఏమంటారోనన్నదే బాధ అని చెప్పారు.

ఈ నగరానికి దాపరికం కొత్త కాదు. 1898లో రైలు మార్గాన ప్లేగు బెంగళూరు చేరినప్పుడు (అది వైరస్ కాదు, బాక్టీరియా, జనం తీరు మాత్రం ఒకటే) ఇల్లిల్లూ తనిఖీ చేసి, రోగిని, అతనితో ఉన్నవాళ్లను శిబిరాలకు తరలించేవారు. బొంబాయిలో, ఇతర నగరాల్లో రోగులను అటకల మీద, పెరళ్లలో దాచిన ఉదంతాలు ఆనాటి అధికారుల నివేదికల్లోనే ఉన్నాయి. 2020లో కూడా ప్రభుత్వాలు ఆశ్రయించిన చట్టం ఆ ప్లేగు కోసం తెచ్చిన 1897 నాటి అంటువ్యాధుల చట్టమే. బెంగళూరు ఆ ప్లేగు తరువాత బసవనగుడి, మల్లేశ్వరం వంటి విశాలమైన పేటలను కట్టుకుంది, ప్లేగు మారెమ్మకు గుళ్లు కట్టుకుంది. మన పల్లెల్లో అమ్మవారు పోసిన ఇంటికి వేపమండలు కట్టడం తెలిసినవాళ్లకు గుమ్మం మీద గుర్తు కొత్తేమీ కాదు. అయితే వేపమండ చూసినవాళ్లు ఆ ఇంటికి చల్లటి మజ్జిగ పంపేవారు, దణ్ణం పెట్టుకుని పక్కకు తప్పుకునేవారు. నోటీసు చూసినవాళ్లు ఫొటో తీశారు.

అందువల్ల నా అంచనా ఇలా రాసుకున్నాను: ముద్ర, నోటీసు, అంబులెన్సు, జాబితా అనేవి వ్యాధి ఉన్నవాళ్లను గుర్తించడానికి పెట్టినవి, ఈ హాస్టల్లో అవి వ్యాధి లక్షణాలున్నవాళ్లను మరుగుకు నెడుతున్నాయి. వాటిని తీసేయడం నా చేతిలో లేదు, తీసేయాలని కూడా నేననను. చెప్పినవాడికి జరిగే నష్టాన్ని తగ్గించడం ఒక్కటే నా చేతిలో ఉంది.

చేసిన పని

ముందుగా దుబాయ్ కుర్రవాడి భోజనం. పై అంతస్తులో విడి బాత్రూమ్ ఉన్న గది ఒకటి ఖాళీగా ఉంటే అతన్ని అందులోకి మార్చాము. డిస్పోజబుల్ ప్లేట్లు, తలుపు ముందు స్టూలు, స్టూలు మీద భోజనం పెట్టి ఫోన్ చేసి దిగిపోవడం, ఇంతే ఏర్పాటు. ఎవరు తీసుకెళ్లాలన్న దగ్గర మళ్లీ చిక్కు వచ్చింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నర్సు స్వయంగా వచ్చి, మాస్కు ఎలా వేసుకోవాలో, చేతులు ఎప్పుడు కడుక్కోవాలో వంటమాస్టర్‌కు చేసి చూపించాక ఆయన ఒప్పుకున్నాడు. నేను మాటలతో అరగంటలో సాధించలేనిది ఆమె ఒకసారి తలుపుదాకా వెళ్లి రావడంతో తేలింది.

తరువాతది హాస్టల్ నడిపే ఆయనతో సంభాషణ. ఈ కేసులో ఎక్కువ సమయం పట్టినది ఇదే. "ఒక్క అంబులెన్సు గేటు ముందు ఆగితే నా వ్యాపారం అయిపోయినట్టే మేడమ్, పిల్లలు రాత్రికి రాత్రే పోతారు, లీజు డబ్బు ఎవరిస్తారు?" అన్నది ఆయన వాదన. ఆరోగ్యం, మానవత్వం అని మొదలుపెడితే ఆయన మర్యాదగా తలూపేవాడు, అంతే. దాంతో ఆయన లెక్కలోనే మాట్లాడాను. లక్షణాలున్నవాడు దాచి పదిమందికి అంటిస్తే మూతపడేది ఒక గది కాదు, భవనం మొత్తం. ముందుగా చెప్పేవాడు ఆయనకు నష్టం చేసేవాడు కాదు, నష్టం తగ్గించేవాడు. ఇది ఆయనకు పట్టింది. లక్షణాలు చెప్పినవాళ్లను ఖాళీ చేయించనని, వేరు గదిలో ఉన్న రోజులకు అదనంగా తీసుకోనని కాగితం మీద రాసి సంతకం పెట్టాడు. మార్చి 29న కేంద్ర హోంశాఖ, కార్మికులను, విద్యార్థులను అద్దె ఇళ్ల నుంచి వెళ్లగొడితే చర్య తీసుకుంటామని ఉత్తర్వు ఇచ్చాక ఆ సంతకానికి బలం వచ్చిందిగానీ, సంతకం అంతకు ముందే అయింది.

మూడోది ఒక పేజీ తెలుగు కాగితం. అందులో వైరస్ గురించి ఒక్క వాక్యమే ఉంది. మిగతాదంతా, జ్వరమో దగ్గో ఆయాసమో ఉందని చెబితే మొదటి గంటలో ఏం జరుగుతుంది, ఆ రాత్రి ఎక్కడ పడుకుంటావు, తిండి ఎవరు తెస్తారు, ఇంటికి ఫోన్ ఎవరు చేస్తారు, ఆఫీసుకు ఏమని రాయాలి, అద్దె ఏమవుతుంది అన్న ప్రశ్నలకు జవాబులు. చెప్పవలసింది గ్రూపులో కాదు, గేటు దగ్గర కాదు. నర్సుకో నాకో ఫోన్లో మాత్రమే. నర్సు మొదట మామూలు దుస్తుల్లో వచ్చి చూస్తుందని, ఆయాసం వంటివి ఉంటే తప్ప అంబులెన్సు పిలవదని ఆరోగ్య కేంద్రం డాక్టరు ఒప్పుకున్నారు. ఆ మాటా కాగితంలో పెట్టాము. థర్మల్ గన్‌ను తీసేయమని నేను చెప్పలేదు. అది ఉండడం వల్ల హాస్టల్ నడిపే ఆయనకు కాస్త ధైర్యంగా ఉంది, అంతకుమించి దానితో పని లేదు.

కాగితం గదుల్లోకి వెళ్లిన మరుసటి రాత్రి రెండో అంతస్తు యువకుడు ఫోన్ చేశాడు. అతనితోపాటు ఇంకో ఇద్దరివి కూడా బయటపడ్డాయి: ఒకరికి మామూలు జలుబు, మరొకతను దగ్గుతోనే బస్సెక్కి అనంతపురం వెళ్లిపోయిన తన రూమ్‌మేట్ గురించి చెప్పాడు. ఆ సమాచారాన్ని ఆరోగ్య కేంద్రం ద్వారా అక్కడి అధికారులకు పంపించాము. రెండో అంతస్తు యువకుడిని డాక్టరు పరీక్షించి విడి గదిలో ఉంచారు. మార్చి 20న భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సవరించిన నిబంధనల ప్రకారం కూడా, ప్రయాణ చరిత్ర గానీ, నిర్ధారిత రోగితో సంబంధం గానీ, ఆస్పత్రిలో చేర్చవలసినంత శ్వాస ఇబ్బంది గానీ లేనందున అతనికి పరీక్ష చేసే వీలు లేదు. జ్వరం తగ్గిపోయింది. అది కొవిడో కాదో ఎప్పటికీ తేలలేదు. ఈ తేలకపోవడాన్ని భరించడమే ఆ అంతస్తువాళ్లకు అన్నిటికన్నా కష్టమైంది. పాజిటివ్ అని చెప్పినా ఇంత నలిగేవాళ్లు కాదేమో.

పనికిరానివి, పట్టనివి

వంటమాస్టర్ నిలబడలేదు. మార్చి 22 జనతా కర్ఫ్యూకు ముందు రాత్రి భార్యను బండి మీద ఎక్కించుకుని మదనపల్లె వైపు వెళ్లిపోయాడు. ఊరి పొలిమేరలో ముళ్లకంప అడ్డం వేసి ఉంది; బెంగళూరు బండి అని చూసి, పెద్దమనుషులు మాట్లాడుకుని, బడిలో పడుకోమన్నారు. ఫోన్లో ఆయన గొంతులో కోపం లేదు. "మేమూ ఆ పిల్లోడికి అట్లే చేస్తిమి కదమ్మా" అన్నాడు.

మార్చి 22 సాయంత్రం ఐదు గంటలకు పిల్లలంతా ఆరోగ్య సిబ్బందికి కృతజ్ఞతగా డాబా మీద కంచాలు మోగించారు. మరునాడు నర్సు వచ్చినప్పుడు, ఆమె మెట్ల రెయిలింగు ముట్టుకోకుండా చూడమని వాళ్లలోనే ఒకరు నాకు సందేశం పెట్టారు. ఆమెకు ఆ సందేశం చూపించలేదు.

ఊడ్చే మహిళను ఈ ఏర్పాట్లలో ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ఆమె వరండాలన్నీ ఊడుస్తుంది, చెత్త తీస్తుంది, డాబా మీది సమావేశానికి మాత్రం ఆమెకు పిలుపు లేదు. లాక్‌డౌన్ మొదలయ్యాక పక్క అపార్టుమెంటు సంఘం ఆమెను లోపలికి రానివ్వడం మానేసింది, కారణం ఆమె మా హాస్టల్లో పనిచేయడమే. ఆ నెల జీతం ఇక్కడ ఇప్పించగలిగాము, అక్కడ ఇప్పించలేకపోయాము.

మార్చి నెలాఖరులో కర్ణాటక ప్రభుత్వం క్వారంటైన్లో ఉన్నవాళ్లు ఒక యాప్‌లో గంటగంటకూ సెల్ఫీ పంపాలని నియమం పెట్టినప్పుడు, దుబాయ్ కుర్రవాడు విసుక్కోకుండా ఆ సెల్ఫీలనే హాస్టల్ గ్రూపులో కూడా పెట్టడం మొదలుపెట్టాడు. నిఘా కోసం పెట్టినదాన్ని సాక్ష్యంగా మార్చుకున్నాడు. అతని 14 రోజులూ ఏ లక్షణమూ లేకుండా ముగిశాయి. గదిలోంచి బయటికి వచ్చిన రోజున ఎవరూ క్షమాపణ చెప్పలేదుగానీ, క్యారమ్స్ ఆటకు పిలిచారు.

ఏప్రిల్: శ్మశానం వార్త

ఏప్రిల్ రెండో వారం ముగిసేసరికి హాస్టల్ కుదుటపడిందనుకున్నాము. అప్పుడు చెన్నై నుంచి వార్త వచ్చింది. నెల్లూరులో వైద్యం చేసిన ఒక డాక్టరు అక్కడి ప్రైవేటు ఆస్పత్రిలో కొవిడ్‌తో చనిపోతే, అంబత్తూరు శ్మశానంలో దహనానికి స్థానికులు అడ్డుపడ్డారు. మృతదేహాన్ని వెనక్కి తీసుకెళ్లవలసి వచ్చింది. వారం తిరగకుండానే, ఏప్రిల్ 19 రాత్రి, చెన్నైలోనే మరొక డాక్టరు ఖననానికి వెళ్లినవాళ్ల మీద, అంబులెన్సు మీద రాళ్లు పడ్డాయి. నెల్లూరు పిల్లలు ఎక్కువగా ఉన్న ఆ హాస్టల్లో ఈ వార్తలు, రోజూ టీవీలో వచ్చే కేసుల సంఖ్యలకన్నా లోతుగా దిగాయి. "డాక్టరుకే దిక్కులేకపోతే మన శవాన్ని ఊరికి ఎవరు చేరుస్తారు?" అని అడిగిన కుర్రవాడి వయసు ఇరవై నాలుగు. మరణం గురించి ఆ వయసువాళ్లు ఇంత కచ్చితమైన ప్రశ్న వేయడం నేనంతకు ముందు వినలేదు.

ఈసారి ఒక్కొక్కరితో కాకుండా, డాబా మీద దూరం దూరంగా కూర్చోబెట్టి అందరితో కలిపి మాట్లాడాము. మృతదేహాల నుంచి కొవిడ్ సోకిన దాఖలా లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్చి 24న ఇచ్చిన సూచనల్లో చెప్పింది. మృతదేహాన్ని ఎలా చుట్టాలో, దహనమైనా ఖననమైనా ఎలా జరపాలో కేంద్ర ఆరోగ్యశాఖ అంతకు ముందే నిబంధనలు ఇచ్చింది. డాక్టరు ఆ కాగితాన్ని పంక్తి పంక్తికీ చదివి తెలుగులో చెప్పించారు. ఆరోగ్య సిబ్బంది మీద దాడులకు మూడు నెలల నుంచి ఐదేళ్ల దాకా, తీవ్రగాయాలైతే ఏడేళ్ల దాకా జైలు శిక్ష పడేలా ఏప్రిల్ 22న కేంద్రం ఆర్డినెన్సు తెచ్చింది. ఆ నెలాఖరులో తమిళనాడు ప్రభుత్వం అంత్యక్రియలను అడ్డుకోవడాన్ని శిక్షార్హం చేసింది. చట్టం గురించి చెప్పినప్పుడు పిల్లల ముఖాల్లో మార్పు లేదు. బెంగళూరులో చనిపోతే ఇంటివాళ్లకు ఎవరు ఫోన్ చేస్తారు, ఎంతమందిని రానిస్తారు, చితికి నిప్పు ఎవరు పెట్టవచ్చు అన్న ప్రశ్నలకు డాక్టరు జవాబులు చెప్పినప్పుడు మాత్రం ఫోన్లు పక్కన పెట్టి విన్నారు.

తరువాత

జూలైలో బెంగళూరులో కేసులు అసలైన వేగంతో పెరిగి, 14 నుంచి 22 దాకా నగరంలో మళ్లీ లాక్‌డౌన్ పెట్టారు. అప్పటికి హాస్టల్లో మూడో వంతు మంది కూడా లేరు. ఆ వారంలోనే అక్కడ మొదటి నిర్ధారిత పాజిటివ్ వచ్చింది. అతను జ్వరం వచ్చిన పూటే నర్సుకు ఫోన్ చేశాడు, పై అంతస్తు గదిలోకి తనంతట తానే మారాడు, ఫలితం వచ్చాక కొవిడ్ కేర్ సెంటర్‌కు వెళ్లాడు. అంబులెన్సును వీధి మలుపులో ఆపించమని హాస్టల్ నడిపే ఆయన బతిమాలాడు. కుర్రవాడు బ్యాగు భుజాన వేసుకుని అక్కడిదాకా నడిచి వెళ్లాడు. ఎదురు భవనంలో ఇద్దరు వీడియో తీశారు. కుప్పం నుంచి వచ్చిన కొత్త వంటమనిషి, ఆ కుర్రవాడు పై గదిలోకి మారిన మరునాడే పని మానేశాడు. మిగిలిన పిల్లలు వంతులవారీగా వండుకున్నారు, పై గదికి ప్లేటు కూడా వాళ్లే పెట్టారు.

సంతకం పెట్టిన కాగితాన్ని ఆయన మళ్లీ తీసి చదవవలసిన అవసరం రాలేదు. సగానికి పైగా ఖాళీగా ఉన్న భవనానికి పూర్తి అద్దె ఎలా కట్టాలో భవనం యజమానితో మాట్లాడిపెట్టమని మాత్రం నన్ను అడిగాడు. ఆ బేరం ఈ కేసు పరిధిలోకి రాదు.